ఎడ్రినల్ గడ్డకు రోబోటిక్ ఆపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

సీటీ రిపోర్టు కవరు చేత్తో పట్టుకుని ఓపీ గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగేది ఒకటే: "రోబోతో చేస్తారా డాక్టర్ గారూ?" హైదరాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ దిగినా రోబోటిక్ సర్జరీ హోర్డింగే కనిపిస్తోంది, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కానీ ఫియోక్రోమోసైటోమా అనే ఈ అరుదైన గడ్డ విషయంలో రోబో దగ్గరికి వచ్చేసరికే సగం పని అయిపోయి ఉండాలి. ఆ సగం సరిగ్గా జరగకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఆదుకోలేదు. అందుకే ఈ ప్రశ్నల్లో రోబో కాస్త ఆలస్యంగా వస్తుంది. ఓపిక పట్టండి.

ఎడ్రినల్ గ్రంథి ఎక్కడుంటుంది? కిడ్నీలో భాగమేనా?

కాదు. రెండు కిడ్నీల నెత్తిన ఒక్కోటి టోపీ పెట్టినట్టు కూర్చుని ఉంటుంది. బడిలో అధివృక్క గ్రంథి అని చదువుకున్నది ఇదే. ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువుంటుందంతే. పై పొర కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ లాంటి హార్మోన్లను, లోపలి భాగం అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లను తయారుచేస్తాయి. వీధికుక్క వెంటపడినప్పుడు గుండె దడదడలాడి, అరచేతులు చెమర్చి, కాళ్లకు ఎక్కడలేని పరుగు వస్తుంది చూడండి, అదంతా ఆ లోపలి భాగం పనే.

మరి ఫియోక్రోమోసైటోమా అంటే?

ఆ లోపలి భాగంలో పుట్టే గడ్డ. కుక్క లేకపోయినా కుక్క తరుముతున్నట్టే రక్తంలోకి అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వదులుతూ ఉంటుంది. ఏడాదికి 10 లక్షల మందిలో 2 నుంచి 8 మందికి ఇది బయటపడుతుందని అంచనా. కోటి జనాభా ఉన్న మన నగరానికి లెక్కేసుకుంటే ఏడాదికి 20 నుంచి 80 మంది. మీ వీధి డాక్టరు గారు తన సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా చూసి ఉండకపోవచ్చు. ఆలస్యంగా కనిపెట్టారని ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ఇది క్యాన్సరా?

చాలామందిలో కాదు. గడ్డ పుట్టినచోటే ఉంటుంది, తీసేస్తే సరిపోతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. తీసిన గడ్డను మైక్రోస్కోపు కింద ఎంతసేపు చూసినా 'ఇది ఎప్పటికీ పాకదు' అని పాథాలజిస్టు సంతకం పెట్టివ్వలేరు. అటూ ఇటుగా పదిమందిలో ఒకరికి కొన్నేళ్ల తర్వాత ఎముకల్లోనో కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో మళ్లీ కనిపించవచ్చు. ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 వర్గీకరణ నుంచి వీటిని నిరపాయకరం, ప్రాణాంతకం అని రెండుగా విడదీయడం మానేసింది. కాబట్టి రిపోర్టులో బినైన్, అంటే నిరపాయకరం, అనే మాట కనిపిస్తే సంతోషించండి, ఫైలు మాత్రం పారేయకండి.

నాకున్నవి గాబరా లక్షణాలే అన్నారు. ఈ గడ్డ అని ఎలా అనుమానించాలి?

మూడు లక్షణాలు కలిసి వస్తే అనుమానించాలి: తలనొప్పి, గుండెదడ, చెమటలు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు చెప్పే తీరులో అయితే, "తలకాయ పగిలిపోతున్నట్టు నొస్తది, గుండె కొట్టుకునుడు చెవులకు వినిపిస్తది, బట్టలు తడుస్తయి, పావుగంటల మళ్ల ఏం లేనట్టే ఉంటది." ఆ పావుగంటే కీలకం. వచ్చినట్టే వచ్చి పోతుంది. ఆస్పత్రికి చేరేసరికి బీపీ మామూలుగా ఉంటుంది, ఈసీజీ బాగుంటుంది, 'టెన్షన్ తగ్గించుకోండి' అని పంపేస్తారు. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. కొందరు ఏళ్ల తరబడి పానిక్ అటాక్ మందులు వాడి ఉంటారు.

గాబరాకీ దీనికీ తేడా పట్టుకోవడానికి చిన్న చిట్కా: ఇంట్లో బీపీ మెషిను పెట్టుకుని, దాడి వచ్చిన ఆ పదినిమిషాల్లోనే చూసుకుని కాగితం మీద రాయండి. అప్పుడు 200 దాటి, అరగంటకల్లా 130కి దిగితే ఆ కాగితం వెయ్యి మాటల పెట్టు. షూ లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు, పొట్ట మీద ఒత్తిడి పడినప్పుడు, వేరే ఏదో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినప్పుడు వస్తే అనుమానం ఇంకా బలపడాలి. చిన్న వయసులోనే బీపీ రావడం, మూడు రకాల మాత్రలు వేసినా దిగకపోవడం, ముఖం ఎర్రబడకుండా పాలిపోవడం కూడా గుర్తులే.

నాకు లక్షణాలేమీ లేవు. కిడ్నీలో రాళ్లని స్కాన్ చేస్తే ఈ గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదా?

ముందు ఒక ఊరట. నడివయసు వాళ్లకు ఏ కారణంతోనైనా పొట్ట సీటీ తీస్తే దాదాపు 4 శాతం మందిలో ఎడ్రినల్‌లో ఏదో ఒక గడ్డ కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం ఏ హార్మోనూ వదలని, ఏ హానీ చేయని గడ్డలు. కాంట్రాస్టు (సిరలోకి ఎక్కించే రంగు మందు) ఇవ్వకముందు తీసిన సీటీలో సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండి, హార్మోన్ పరీక్షలు మామూలుగా వస్తే వాటిని అలా వదిలేయొచ్చు. మైలోలైపోమా అనే కొవ్వు గడ్డ కూడా అంతే, బాగా పెద్దదై నొప్పి పెడితే తప్ప ముట్టుకోనక్కర్లేదు. గాంగ్లియోన్యూరోమా అని ఇంకొకటి ఉంది, చాలా అరుదు, నరాల కణాల నుంచి పుడుతుంది, నిజంగానే నిరపాయకరం. అది పెద్దదైతేనో, ఏమిటో తేలకపోతేనో తీస్తారు.

ఫియోక్రోమోసైటోమా అని తేలితే మాత్రం లక్షణాలు లేకపోయినా తీయాల్సిందే. నిద్రపోతున్న పులిని ఇంట్లో ఉంచుకోలేం. రేపు పంటికో, అపెండిక్స్‌కో, కాన్పుకో ఆస్పత్రికి వెళ్లినప్పుడు అది నిద్రలేస్తుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మెటానెఫ్రిన్ల పరీక్ష. రక్తంలో చూడొచ్చు లేదా 24 గంటల మూత్రంలో చూడొచ్చు. అడ్రినలిన్ దాడి వచ్చినప్పుడే పెరుగుతుంది, అది విరిగాక మిగిలే మెటానెఫ్రిన్లు గడ్డ లోపలే నిరంతరం తయారవుతుంటాయి. అందుకే మామూలుగా ఉన్న రోజు చేసినా దొరికిపోతాయి.

రక్త పరీక్షకు ముందు 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకుని ఉండాలి, పడుకున్నప్పుడే రక్తం తీయాలి. లిఫ్టు పాడై నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చుని చేయి చాపితే రిపోర్టు ఎక్కువగానే వస్తుంది, ఆ తర్వాత నెల రోజులు కంగారు పడాలి. అమిట్రిప్టిలిన్ లాంటి డిప్రెషన్ మందులు కూడా అంకెలను పెంచుతాయి. వాడే మాత్రలన్నీ చెప్పండి, కానీ మీ అంతట మీరు ఆపకండి.

మూత్రం సేకరించడంలో జరిగే పొరపాట్లు రాయాలంటే ఇంకో పేజీ కావాలి. ఉదయం 6 గంటలకు మొదలుపెడితే, ఆ మొదటిసారి మూత్రాన్ని పారబోయాలి. ఆ తర్వాత పగలూ రాత్రీ వెళ్లిన ప్రతిసారీ క్యానులో పోయాలి, మర్నాడు ఉదయం 6 గంటల మూత్రంతో సహా. మధ్యలో ఒక్కసారి మర్చిపోయి బాత్రూంలో పోసినా మళ్లీ మొదటికే. ల్యాబు ఇచ్చే క్యానులో యాసిడ్ ఉంటుంది, దానిలోకి నేరుగా పోయకండి. మగ్గులో పట్టి మెల్లగా వంచండి. అడుగున నీళ్లున్నాయనుకుని కడిగి తెచ్చిన వాళ్లు కూడా ఉన్నారు.

పై హద్దుకు మూడు రెట్లు దాటితే దాదాపు సందేహం ఉండదు. కొంచెమే ఎక్కువుంటే మందుల వల్లో, జ్వరం వల్లో అయి ఉండొచ్చు. మళ్లీ చేయాలి. రక్తంలోనో మూత్రంలోనో రుజువయ్యాకే సీటీ లేదా ఎమ్మారై. గడ్డ పెద్దదైనా, పాకిందన్న అనుమానం ఉన్నా, కుటుంబంలో ఇంకెవరికైనా ఉన్నా ఒళ్లంతా ఈ గడ్డ కోసం వెతికే గేలియం డోటాటేట్ పెట్ స్కాన్ లాంటివి అడుగుతారు.

ముందు సూది పెట్టి ముక్క తీసి చూడొచ్చు కదా?

వద్దు. మెటానెఫ్రిన్లు చూడకుండా ఎడ్రినల్ గడ్డలోకి సూది పెట్టడమంటే తేనెతుట్టెలో వేలు పెట్టడమే. ఒక్కసారిగా హార్మోను రక్తంలోకి వచ్చిపడి బీపీ అదుపు తప్పుతుంది. ఎవరైనా బయాప్సీ రాస్తే, "మెటానెఫ్రిన్ పరీక్ష చేశాక చేయించుకుంటానండి" అని మర్యాదగా చెప్పండి. తొంభై శాతం కేసుల్లో ఆ తర్వాత బయాప్సీ ఊసే రాదని నా అనుభవం.

మందులతో, ఆయుర్వేదంతో కరగదా?

కరగదు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు మాత్రలు వాడమంటున్నారు. వెంటనే ఎందుకు చేయరు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

తోటకు నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు ఎగిరి దూరంగా పడతాయి. వేలు తీయగానే ధార కాళ్ల దగ్గర చచ్చిపడుతుంది. ఈ గడ్డ నెలల తరబడి మీ రక్తనాళాలను అలా నొక్కి పట్టుకుని ఉంది. నాళాలు ముడుచుకుపోవడంతో వాటిలో తిరిగే రక్తం పరిమాణం కూడా తగ్గిపోయింది. ఇప్పుడు నేరుగా వెళ్లి కోస్తే రెండు ఆపదలు. గడ్డను ముట్టుకున్నంతసేపూ హార్మోను పిండినట్టు బయటికొచ్చి బీపీ 250 దాటొచ్చు, పక్షవాతమో గుండెపోటో రావొచ్చు. గడ్డ సిర కట్టేసిన మరుక్షణం వేలు తీసిన పైపులాగా బీపీ పాతాళానికి పడిపోవచ్చు.

అందుకని 7 నుంచి 14 రోజుల ముందే ఆల్ఫా బ్లాకర్ మాత్రలు మొదలుపెట్టి ఆ వేలిని కొద్దికొద్దిగా సడలిస్తాం. మన దగ్గర ఎక్కువగా వాడేది ప్రాజోసిన్. మొదటి మాత్ర రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవాలి, ఎందుకంటే లేవగానే కళ్లు తిరగొచ్చు. రాత్రి బాత్రూంకి లేవాల్సివస్తే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, గోడ పట్టుకుని వెళ్లండి. కొన్ని రోజులకు ముక్కు దిబ్బడ వేస్తుంది. మందు పనిచేస్తోందనడానికి అదొక గుర్తు, జలుబు మాత్ర వేసుకోకండి.

రోజూ రెండు పూటలా కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ రాయాలి. కూర్చున్నప్పుడు 130/80 కన్నా తక్కువ, నిలబడ్డప్పుడు పై అంకె 90కి తగ్గకుండా ఉంటే సిద్ధమైనట్టు. నాడి వేగం ఎక్కువుంటే అప్పుడు దాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర కలుపుతాం. ఈ వరస తారుమారు కాకూడదు. గుండెదడ అని ముందే బీటా బ్లాకర్ ఒక్కటే వేస్తే, నాళాలను తెరిచే దారి మూసుకుపోయి, ముడిచే దారి ఒక్కటే మిగిలి బీపీ ఇంకా పెరుగుతుంది.

చార్మినార్ కట్టడానికైనా ముందు పునాది తవ్వారు. ఈ రెండు వారాలే పునాది. ఫియోక్రోమోసైటోమాకి 'రేపే అడ్మిట్ అవ్వండి, ఎల్లుండి రోబోటిక్' అని ఎవరైనా అంటే, అక్కడి నుంచి మెల్లగా లేచి రండి.

బీపీ ఉన్నవాడికి ఉప్పు తినమంటారేంటి? మా అమ్మ ఒప్పుకోవడం లేదు.

మీ అమ్మగారి తప్పు లేదు. పదేళ్లుగా ఆవకాయ జాడీని మీకు అందకుండా దాచింది ఆవిడే కదా. కానీ ఆల్ఫా బ్లాకర్ మొదలైన రెండు మూడు రోజుల నుంచి లెక్క మారుతుంది. తెరుచుకున్న నాళాలను నింపడానికి ఉప్పూ నీళ్లూ కావాలి. ఉప్పు వేసిన మజ్జిగ, పప్పుచారు, ఊరగాయ ముక్క, రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు. ఈ వెసులుబాటు ఆపరేషన్ రోజు వరకే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

ఈలోగా ఏ మందులు వేసుకోకూడదు?

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ముక్కు దిబ్బడకు వాడే ఫినైల్‌ఎఫ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, ఆస్తమాకో కీళ్లనొప్పులకో ఇచ్చే స్టెరాయిడ్లు దాడిని రేపగలవు. మెడికల్ షాపులో 'ఏదైనా ఇవ్వు అన్నా' అని అడిగే అలవాటును ఈ కొన్ని వారాలు పక్కన పెట్టండి. జబ్బు పేరు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి, పలకడం మాకే కష్టం.

సరే, ఇప్పుడు చెప్పండి. రోబోనే ఆపరేషన్ చేస్తుందా?

చేయదు. ఆటో దానంతటది నడవనట్టే ఇదీ అంతే. సర్జన్ అదే గదిలో కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు కూర్చుని, లోపలి దృశ్యాన్ని లోతు తెలిసేలా పెద్దది చేసి చూస్తూ, చేతివేళ్లతో మీటలు కదుపుతాడు. పొట్ట మీద దాదాపు 8 మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి వెళ్లిన పనిముట్లు ఆ కదలికల్ని చిన్నవి చేసి, చేతి వణుకు వడకట్టి, అచ్చంగా అనుకరిస్తాయి. వాటి కొసలు మన మణికట్టు లాగా అన్ని వైపులా తిరుగుతాయి. రోగి పక్కన ఇంకో సర్జన్, నర్సు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంటారు. అమెరికాలో 2000లో అనుమతి పొందిన డా విన్సీ యంత్రం అందరికీ తెలిసిన పేరు. మన దేశంలో తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర లాంటివీ ఇప్పుడు వాడుకలో ఉన్నాయి.

మామూలు ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో, చేత్తో చేసే ఆపరేషన్) కంటే రోబో గొప్పదా?

కొన్ని చోట్ల మేలు, అన్ని చోట్లా కాదు. ఎడ్రినల్ గ్రంథిని ల్యాపరోస్కోపీతో తీయడం 1992లోనే మొదలైంది, ఈనాటికీ అది పూర్తి నమ్మకమైన పద్ధతి. రెంటినీ పోల్చిన అధ్యయనాల్లో రోగి కోలుకునే తీరు దాదాపు ఒకేలా ఉంది. రోబోతో రక్తనష్టం కాస్త తక్కువ, ఖర్చు ఖాయంగా ఎక్కువ. గడ్డ పెద్దదైనప్పుడు, మనిషి లావుగా ఉన్నప్పుడు, పెద్ద సిరకు ఆనుకుని ఉన్నప్పుడు, అన్నిటికంటే ముఖ్యంగా గ్రంథిలో కొంత భాగాన్ని మిగిల్చి గడ్డ మాత్రమే తీయాల్సివచ్చినప్పుడు రోబో పనితనం తెలుస్తుంది. మూడు సెంటీమీటర్ల గడ్డ ఉన్న సన్నని మనిషి రోబో కోసం అప్పు చేయడం నాకు నచ్చదు.

యంత్రం కంటే చేయి ముఖ్యం. ఏడాదికి 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎడ్రినల్ ఆపరేషన్లు చేసే సర్జన్ల చేతిలో ఇబ్బందులు తగ్గుతాయని 2017లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. మీరు అడగాల్సిన ప్రశ్న 'రోబో ఉందా' కాదు, 'ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, మత్తు డాక్టరు గారికి వీటితో అలవాటుందా' అని. అడిగితే కోపగించుకునే డాక్టరు దగ్గర చేయించుకోకపోవడమే మంచిది.

లోపల ఏం చేస్తారు? ఎంతసేపు పడుతుంది?

పక్కకు తిప్పి పడుకోబెడతారు, గడ్డ ఉన్న వైపు పైకి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి చోటు చేసుకుంటారు. ఆ ఒత్తిడి కూడా గడ్డను కదిలిస్తుంది కాబట్టి వీలైనంత తక్కువలో ఉంచుతారు.

కుడివైపు అయితే కాలేయాన్ని పైకెత్తాలి. అక్కడి కష్టమంతా ఒక సెంటీమీటరు కూడా లేని సిర దగ్గరే. కుడి ఎడ్రినల్ సిర నేరుగా శరీరంలోకెల్లా పెద్ద సిరలోకి దిగుతుంది. దాన్ని లాగితే చినుగుతుంది, చినిగితే రక్తం చెరువవుతుంది. మణికట్టులా తిరిగే పనిముట్టు విలువ తెలిసేది ఆ ఒక్క సెంటీమీటరు దగ్గరే. ఎడమవైపు సిర కొంచెం పొడవు, కిడ్నీ సిరలో కలుస్తుంది. కానీ అక్కడికి చేరడానికి పెద్దపేగును, ప్లీహాన్ని, క్లోమం తోకను పక్కకు జరపాలి. ఏ వైపైనా సూత్రం ఒకటే: గడ్డను నేరుగా పట్టుకోకుండా చుట్టూ కొవ్వును పట్టుకుని కదపాలి, చీలనివ్వకూడదు. చీలితే కణాలు పొట్టలో చల్లినట్టవుతుంది. విడిపించిన గడ్డను సంచిలో వేసి ఒక రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి బయటికి తీస్తారు. మొత్తం రెండు మూడు గంటలు.

సిరకు క్లిప్పు వేయబోయే ముందు సర్జన్ గట్టిగా చెబుతాడు, 'సిర కట్టేస్తున్నా' అని. అప్పటిదాకా బీపీ దించే మందులు ఎక్కిస్తున్న మత్తు డాక్టరు ఆ మాటతో వాటిని ఆపి, పెంచే మందు అందుకుంటారు. థియేటర్లో ఆ నిమిషం ఎవరూ మాట్లాడరు.

అంటే మత్తే పెద్ద గండమా?

ఒకప్పుడు అవును. మన ఊరికి ఇందులో ఒక పాత లంకె ఉంది. 1888, 1889లలో నిజాం డబ్బుతో, అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ సురక్షితమేనా అని తేల్చడానికి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ గుండెకు హాని చేయదని, ఊపిరి గమనిస్తే చాలని వాదించాడు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో అడ్రినలిన్ పడితే గుండె లయ తప్పి ఆగిపోతుందని. ఫియోక్రోమోసైటోమా ఉన్న మనిషి ఆ రోజుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మనిషిని బతికించి ఈ గడ్డను తీయడం 1926లో గానీ కుదరలేదు, స్విట్జర్లాండ్‌లో సెజార్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో అనే సర్జన్ల చేతుల్లో.

ఇప్పుడు ముంజేతి ధమనిలో సన్నని గొట్టం పెట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ చూస్తారు, మెడ సిరలో ఇంకొకటి. సెకన్లలో పనిచేసి సెకన్లలో ఆగిపోయే మందులు పక్కనే సిరంజి పంపుల్లో ఉంటాయి. ముందు చెప్పిన రెండు వారాల తయారీ జరిగితే గండం చాలావరకు గడిచినట్టే.

మధ్యలో కరెంటు పోతే?

థియేటర్‌కు జనరేటరు, యంత్రానికి సొంత బ్యాటరీ ఉంటాయి. ఏమీ పనిచేయకపోయినా పనిముట్లను చేత్తో బయటికి లాగేయొచ్చు.

రోబోతో మొదలుపెట్టి పొట్ట కోస్తే? డబ్బు వృథానా?

ప్రాణం కోసం మార్చిన నిర్ణయం వృథా కాదు. రక్తస్రావం ఆగకపోయినా, గడ్డ చుట్టుపక్కల అతుక్కుపోయినా ఓపెన్‌కు మారడం మంచి సర్జన్ లక్షణం. సమ్మతి పత్రంలో ఆ వాక్యం ఉంటుంది, చదివే సంతకం పెట్టండి. 6 సెంటీమీటర్లు దాటిన గడ్డలకు, పక్కకు చొచ్చుకుపోయిన వాటికి మొదటి నుంచే ఓపెన్ ఆపరేషన్ చెప్పినా ఆశ్చర్యపోకండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు రోజులు ఎలా ఉంటుంది?

ఒక రాత్రి ఐసీయూలో. బీపీ తక్కువగా ఉంటుంది, సెలైన్లు ఎక్కుతాయి, కొందరికి బీపీ పెంచే మందు మర్నాటిదాకా సాగుతుంది. షుగర్ గంటగంటకూ చూస్తారు. ఇన్నాళ్లూ ఆ హార్మోన్లు ఇన్సులిన్‌ను తొక్కిపెట్టాయి. అవి పోగానే ఇన్సులిన్ ఎగదన్ని షుగర్ పడిపోతుంది. మత్తు మగతలో దాన్ని గుర్తుపట్టడం కష్టం కాబట్టి 24 నుంచి 48 గంటలు వదలకుండా చూడాలి. భుజం నొప్పి వస్తే గుండెకేమో అని భయపడకండి, పొట్టలో నింపిన వాయువు వల్ల అది మామూలే, రెండు రోజుల్లో పోతుంది.

ఒక్క గ్రంథితో బతకొచ్చా?

హాయిగా. రెండోది బాగుంటే మాత్రలు కూడా అక్కర్లేదు. రెండు వైపులా గడ్డలుండి రెండూ తీసేస్తే కథ వేరు: జీవితాంతం స్టెరాయిడ్ మాత్రలు, జ్వరం వస్తే మోతాదు పెంచడం, ఎప్పుడూ మానకపోవడం. అందుకే రెండు వైపులా ఉన్నవాళ్లలో కొంత భాగం మిగల్చడానికి అంత తాపత్రయపడతాం.

బీపీ మాత్రలు ఇక మానేయొచ్చా?

చాలామందికి మోతాదు తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది. అందరికీ పోదు. ఏళ్ల తరబడి ఒత్తిడి భరించిన నాళాలు గట్టిపడి ఉంటాయి, పైగా మామూలు బీపీ కూడా జతగా ఉండొచ్చు. ఆపరేషన్ మర్నాడు ఐసీయూలో 110/70 చూసి మాత్రలన్నీ చెత్తబుట్టలో వేసి ఇంటికెళ్లకండి.

ఇంటికెప్పుడు? పథ్యం ఏమిటి?

రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇంటికి. రెండు మూడు వారాల్లో కుర్చీలో చేసే ఉద్యోగానికి. బరువులెత్తడం ఆరు వారాలదాకా వద్దు, అందులో గ్యాస్ సిలిండరు, నీళ్ల క్యాను, మూడేళ్ల మనవడు కూడా వస్తారు. మన రోడ్ల గుంతలు తెలుసు కాబట్టి మూడు వారాలు బండి నడపకండి.

పథ్యం లేదు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర, గుడ్డు ముట్టకూడదని బంధువులు ఫోన్లు చేస్తారు. కుట్లు మానడానికి మాంసకృత్తులే కావాలి, అవి పప్పులోనూ గుడ్డులోనూ ఉన్నాయి. ఉప్పు మాత్రం మళ్లీ పాత కొలతకే. ఆవకాయ జాడీ మళ్లీ అమ్మ అధీనంలోకి.

పిల్లలకు వస్తుందా? మాది మేనరికం.

మేనరికానికి దీనికి సంబంధం లేదు. కానీ ఈ గడ్డ వచ్చినవాళ్లలో 30 నుంచి 40 శాతం మందిలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉంటుంది, కుటుంబంలో ఇంకెవరికీ లేకపోయినా సరే. ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. లోపాన్ని బట్టి థైరాయిడ్ క్యాన్సరో, కిడ్నీ గడ్డలో, కంటి సమస్యలో కూడా రావొచ్చు. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఈ జబ్బుతో చనిపోయిన 18 ఏళ్ల అమ్మాయి గురించి మొదటిసారి రాశారు. 2007లో ఆమె బంధువుల వారసులను పరీక్షిస్తే ఆర్‌ఈటీ జన్యువులో లోపం దొరికింది. 120 ఏళ్ల తర్వాత.

కాబట్టి జన్యు పరీక్ష అందరికీ చెబుతాం. నగరంలో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ కౌన్సెలింగ్ తీసుకోవచ్చు. మా దగ్గర నిజమైన అడ్డంకి ఖర్చు కాదు, పెళ్లి సంబంధాలు. 'చెల్లికి చూస్తున్నాం సార్, ఆ పరీక్ష ఇప్పుడొద్దు' అంటారు. ఆ చెల్లికి రేపు కాన్పు సమయంలో ఇది తెలియకుండా బయటపడితే తల్లికీ బిడ్డకూ ముప్పు. కాబోయే వియ్యంకులకు చెప్పాలా వద్దా మీ ఇష్టం, చెల్లికి మాత్రం చెప్పండి.

గర్భంతో ఉన్నప్పుడు బయటపడితే?

24 వారాల లోపైతే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. అది దాటితే మందులతో నెట్టుకొచ్చి, కాన్పు చేసి, తర్వాత గడ్డ సంగతి చూస్తారు.

ఖర్చు మాట? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

ఆస్పత్రిని బట్టి, గదిని బట్టి, ఐసీయూలో ఎన్నాళ్లున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. అంచనా అడిగేటప్పుడు రోబోటిక్ పనిముట్ల ఖర్చు, ఐసీయూ, ముందు పరీక్షలు విడివిడిగా రాసివ్వమనండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ ఏ కోడ్ కింద వస్తుందో, రోబోకు అదనంగా కట్టాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే, రోబోటిక్ సర్జరీని పూర్తిగా మినహాయించడానికి వీల్లేదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది. కానీ పరిమితి పెట్టుకోవచ్చు. పాలసీ కాగితంలో ఆధునిక చికిత్సలు అన్న చోట ఎంత శాతమో వెతకండి. ప్రభుత్వ రంగంలో పంజాగుట్ట నిమ్స్‌కు 2023లో రోబోటిక్ వ్యవస్థ వచ్చింది, ఎండోక్రైనాలజీ విభాగమూ అక్కడే ఉంది. వరస పొడవుగా ఉంటుంది, ఎలాగూ మాత్రలకు రెండు వారాలు కావాలి కదా.

తీసిన గడ్డను మాకు చూపిస్తారా?

అడిగితే ట్రేలో పెట్టి చూపిస్తారు. లేత గోధుమరంగులో ఉంటుంది. క్రోమియం లవణాలు తగిలితే ముదురు రంగుకు మారుతుంది, ఆ పేరు వచ్చింది అందుకే. తర్వాత పాథాలజీకి వెళుతుంది. రిపోర్టుతో పాటు బ్లాకులు (మైనంలో దాచే గడ్డ ముక్కలు) ఎక్కడ భద్రపరిచారో రాయించుకోండి.

అంతా బాగుంటే ఇక ఆస్పత్రికి రానక్కర్లేదా?

రావాలి. రెండు నుంచి నాలుగు వారాలకు మెటానెఫ్రిన్లు ఒకసారి చూసి గడ్డ పూర్తిగా పోయిందని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, కనీసం పదేళ్లు. జన్యులోపం ఉన్నవాళ్లు, చిన్న వయసులో వచ్చినవాళ్లు, గడ్డ పెద్దగా ఉన్నవాళ్లు జీవితాంతం. పుట్టినరోజు నెలనే పరీక్ష నెలగా పెట్టుకుంటే మర్చిపోరు. రక్తం తీసే ముందు అరగంట పడుకోబెట్టమని ల్యాబు వాళ్లకు మీరే గుర్తుచేయండి, ఆ రోజు కొత్త కుర్రాడు ఉండొచ్చు.